పాత కార్టూనా, కొత్త కార్టూనా: ఇంట్లో ఏది పెట్టుకోవాలి?

అనంతపురంలోని మా ఇంట్లో వేసవి సెలవులు వచ్చాయంటే ఒక జగడం తప్పదు. కడప నుంచి వచ్చే మా బావ, కర్నూలులో ఇంజనీరింగు చదువుతున్న మా మేనల్లుడు, ఆరేళ్ళ మా అమ్మాయి ఒకే టీవీ ముందు చేరతారు. బావ దృష్టిలో కార్టూన్ అంటే 1990లలో ఆదివారం పొద్దున దూరదర్శన్‌లో వచ్చినదే, మిగిలినదంతా రంగుల గోల. మేనల్లుడికి బెన్ 10, ఛోటా భీమ్ నడిచిన రోజులే బంగారు రోజులు, ఇప్పటివన్నీ ఒకే అచ్చులో పోసినట్టుంటాయని అతని ఫిర్యాదు. మా అమ్మాయికి ఆ రెండు కాలాలకూ తేడా లేదు, రెండూ పాతవే. పోయిన ఏడాది బావ ఎంతో మురిపెంగా హీ-మ్యాన్‌ను వెతికి పెడితే, ఆ పిల్ల అయిదు నిమిషాలు చూసి, "యాంది మామా ఇది, మాట్లాడేటప్పుడు నోరొక్కటే కదులుతాంది, మనిషి కదల్లా" అన్నది.

బావ నొచ్చుకున్నాడు గానీ, ఆ పిల్ల కన్ను పట్టుకున్నది నిజమే. ఆ మాట తరువాత నేను మూడు కాలాల కార్టూన్లను పక్కపక్కన పెట్టి కొన్ని నెలలపాటు ఓపిగ్గా చూశాను. పాతవి మేలా, కొత్తవి మేలా అన్న ప్రశ్నకు ఒక్క ముక్కలో తీర్పు చెప్పడం సాధ్యం కాదని తేలింది. అయితే ఎవరు కూర్చున్నప్పుడు, ఎంతసేపటికి, ఏ భాషలో, దేన్ని పెట్టుకోవాలన్నది మాత్రం ఖండితంగానే చెప్పవచ్చునని నా నమ్మకం.

పోలిక ఎక్కడ తప్పుతోంది

శనక్కాయ పండించే జిల్లాలో ఈ సంగతి విడమరిచి చెప్పనక్కరలేదు. ఒక రైతు తూర్పారపట్టి, పొల్లు తీసి, మూటకట్టిన కాయలను తెచ్చి, పొరుగు రైతు కళ్లంలో అప్పుడే పోసిన రాశి పక్కన పెట్టి, "నా పంటే గట్టి" అంటే ఎవరూ ఒప్పుకోరు. పాత కార్టూన్ల అభిమానులు తెలియకుండానే చేసేది ఇదే. పాతకాలం నుంచి మన దాకా వచ్చినవి అప్పటికే కాలం తూర్పారపట్టినవి, ఇవాళ్టివి మాత్రం గట్టికాయా పొల్లుకాయా కలిసే మన ముందు పడుతున్నాయి.

ఒక ఉదాహరణ చెబుతాను. 1969లో వచ్చిన స్కూబీ-డూ అమెరికాలో బాగా ఆడింది. నలుగురు కుర్రవాళ్ళు, వాళ్ళతో మాట్లాడే ఒక కుక్క, ఒక దొంగ దయ్యం, చివరికి ముసుగు ఊడబీకడం, ఇంతే దాని కథ. అది ఆడిందని తెలియగానే దాన్ని తీసిన హానా-బార్బెరా కంపెనీయే 1973లో కుక్కకు బదులు మాట్లాడే కారును పెట్టి స్పీడ్ బగ్గీ తీసింది, 1976లో డ్రమ్ములు వాయించే సొరచేపను పెట్టి జాబర్‌జా తీసింది. నడుమ ఇలాంటివే మరికొన్ని వచ్చాయి. స్కూబీ-డూ పేరు మా మేనల్లుడికీ తెలుసు, సొరచేప సంగతి బావకు కూడా తెలియదు. ఇప్పటి కార్టూన్లలో అందరి తలలూ గుండ్రంగా, నోళ్ళన్నీ చిక్కుడు గింజల్లా ఉంటున్నాయని మేనల్లుడు చేసే ఫిర్యాదులో నిజముంది. కాని ఒకటి ఆడితే పదిమంది దాని వెంటపడడం ఈ కాలపు తెగులు మాత్రమే కాదు.

మరొక చిక్కు ఏమిటంటే, పాత అన్న మాటకు హద్దు నిలకడగా ఉండదు. కార్టూన్ నెట్‌వర్క్ మన దేశానికి 1995లో వచ్చింది. అప్పటికే దూరదర్శన్‌లో మోగ్లీని చూసిన మా తరానికి ఆ చానలే కొత్త. ఛోటా భీమ్ 2008లో పోగోలో మొదలైంది. అప్పుడు "ఈ లడ్డూల పిల్లవాడేందబ్బా" అని మేము పెదవి విరిచినదాన్నే ఇప్పటి ఇరవై రెండేళ్ళవాళ్ళు కళ్ళు చెమ్మగిల్లేలా తలచుకుంటున్నారు. కాబట్టి మేలైనదాన్ని మేలైనదానితో, మామూలుదాన్ని మామూలుదానితో పోల్చాలి. నేను ఆ పద్ధతినే పాటించాను.

ఒకే ఇద్దరి చేతులు

పాతవాటి పక్షాన వాదించేవాళ్ళు మొదట టామ్ అండ్ జెర్రీని సాక్ష్యానికి పిలుస్తారు. పిలవవలసినదే, కాని అది టీవీ కోసం పుట్టింది కాదని గుర్తుంచుకోవాలి. విలియం హానా, జోసెఫ్ బార్బెరా ఎం.జి.ఎం. సంస్థలో సినిమా హాళ్ళ కోసం తీయగా, 1940 నుంచి 1958 వరకు విడుదలైన 114 చిన్న చిత్రాలవి. వాటిలో ఏడింటికి ఆస్కార్ బహుమతులు వచ్చాయి. అసలు సినిమాకు ముందు ఏడెనిమిది నిమిషాలు ఆడే ఆ బొమ్మ కోసం ఒక పెద్ద బృందం వారాల తరబడి కాగితాల మీద గీసేది, స్కాట్ బ్రాడ్లీ పూర్తి వాద్యబృందంతో ప్రతి అడుగుకూ, ప్రతి దెబ్బకూ సంగీతం కట్టేవాడు.

1957లో ఎం.జి.ఎం. తన కార్టూన్ విభాగాన్ని మూసివేయగానే ఆ ఇద్దరే సొంత కంపెనీ పెట్టుకుని టీవీకి తీయడం మొదలుపెట్టారు. చేతులు అవే, తలలూ అవే, కాని చేతికి వచ్చే డబ్బు మునుపటిలో చిన్న పాలు, వారం వారం అరగంట నింపాలి. అందుకని బొమ్మల మెడకు కాలరో టైయో తగిలించారు. అలా చేస్తే ఒంటిని కదలకుండా ఉంచి, కాలరు పైనున్న తలను మాత్రమే మార్చి గీస్తే సరిపోతుంది, అతుకు కనబడదు. యోగి అనే ఎలుగుబంటి అడవిలో తిరుగుతూ టై ఎందుకు కట్టుకుంటుందని చిన్నప్పుడు నేను ఆలోచించలేదు. 1960లో వచ్చిన ఫ్లింట్‌స్టోన్స్‌లో ఇంట్లో పరుగెత్తే మనిషి వెనక అదే కిటికీ, అదే దీపం మళ్ళీ మళ్ళీ ఎదురవడానికీ ఇదే కారణం. బొమ్మ నాణ్యత కాలాన్ని బట్టి గాక, చేతికి వచ్చిన డబ్బునూ గడువునూ బట్టి ఉంటుందనడానికి ఇంతకన్న తేటైన సాక్ష్యం నాకు కనబడలేదు.

ఇక హీ-మ్యాన్ సంగతి. ఒక బొమ్మల కంపెనీ అమ్ముకునే ఆటవస్తువుల చుట్టూ అల్లిన కథ అది. 1983 నుంచి 1985 లోపు 130 భాగాలు తీయవలసి రావడంతో ఒకసారి గీసిన పరుగును, ఒకసారి గీసిన గుద్దును దాచి ఉంచుకుని పదే పదే వాడారు. అమ్మాయి పట్టుకున్నది దీన్నే. బావ లాంటివాళ్ళు కత్తి పైకెత్తే ఆ ఒక్క క్షణం కోసం చూసుకోవచ్చును, పిల్లలకు మాత్రం దాన్ని పెట్టి, వాళ్ళు మెచ్చుకోలేదని నొచ్చుకోకూడదు.

రెండు ఏడు నిమిషాలు

మేలైనవాటిలో ఒక పాతదాన్నీ ఒక కొత్తదాన్నీ పక్కపక్కన చూపిస్తాను. రెండూ దాదాపు ఏడేసి నిమిషాలవే, రెంటికీ పాశ్చాత్య శాస్త్రీయ సంగీతమే ఆధారం, రెంటిలోనూ మాటలు లేవనే చెప్పాలి.

పాతది 1947 నాటి టామ్ అండ్ జెర్రీ చిత్రం, పేరు ది క్యాట్ కన్సర్టో. టామ్ నల్లకోటు వేసుకుని వేదిక మీదికి వచ్చి, సభకు తలవంచి, ఎంతో దర్జాగా పియానో ముందు కూర్చుని ఫ్రాంజ్ లిస్ట్ కూర్చిన రెండవ హంగేరియన్ రాప్సొడీని అందుకుంటాడు. జెర్రీ ఆ పియానో లోపల, తీగలను కొట్టే సుత్తుల మీద నిద్రపోతున్నాడు. మీట నొక్కినప్పుడల్లా సుత్తి లేస్తుంది, సుత్తితోపాటు ఎలుకా లేస్తుంది. ఇక్కడినుంచి అయిదారు నిమిషాలపాటు టామ్ ఒక్కసారి కూడా కచేరీ ఆపకూడదు, ఒక్కసారి కూడా సభ ముందు పరువు పోగొట్టుకోకూడదు, ఆ నిబంధనలోంచే హాస్యమంతా పుడుతుంది. మూత విరుచుకుపడి వేళ్ళు నలిగినప్పుడు నొప్పి మొహంలో కనబడుతుంది, వెంటనే దర్జా తిరిగి వస్తుంది. అమ్మాయి దీన్ని మూడుసార్లు చూసింది. మూడోసారి పిల్లి మొహం వదిలి వేళ్ళనే చూస్తూ కూర్చున్నది.

కొత్తది ఆస్ట్రేలియాలో బ్రిస్బేన్‌లోని లూడో స్టూడియో తీస్తున్న బ్లూయీ. 2018లో మొదలైన ఈ కార్యక్రమంలో ఒక కుక్కల కుటుంబం ఉంటుంది, తల్లి, తండ్రి, ఇద్దరు ఆడపిల్లలు. 2020లో వచ్చిన స్లీపీటైమ్ అనే భాగంలో చిన్నపిల్ల బింగో, ఈ రాత్రి పెద్దపిల్లలా తన మంచంలోనే పడుకుని తన మంచంలోనే లేస్తానని పట్టుబడుతుంది. కలలో ఆమె తన కుందేలు బొమ్మతో గ్రహాల నడుమ తేలిపోతూ ఉంటుంది. బయట ఇంట్లో జరిగేది మనకు తెలిసినదే. నిద్రలో నడవడం, అమ్మ పక్కన చోటు కోసం తొక్కిసలాట, తండ్రి చోటు లేక పిల్లల మంచానికి వలసపోవడం, అన్నీ ఉంటాయి. గుస్తావ్ హోల్స్ట్ గ్రహాల మీద కూర్చిన సంగీతంలోని గురుగ్రహ ఘట్టం మెల్లగా పైకి లేస్తుంటే, కలలోని సూర్యుడు తల్లి అని మనకు అర్థమవుతుంది. మా ఆవిడ కొంగుతో కళ్ళు తుడుచుకున్నది. బావ ఏమీ మాట్లాడకుండా లేచి నీళ్ళు తాగడానికి వెళ్ళాడు, వంటింట్లో కొంచెం ఎక్కువసేపే ఉన్నాడు.

గీత నైపుణ్యంలో పాతదే గొప్పదని నా తీర్పు. అన్ని బొమ్మలు చేత్తో గీసే తీరికా డబ్బూ ఇవాళ టీవీకి పనిచేసేవాళ్ళకు లేవు. ఇంట్లో జరిగే చిన్న సంగతిని నమ్ముకుని, తల్లిదండ్రులనూ పిల్లలనూ ఒకేసారి కదిలించడంలో కొత్తది ముందున్నది. 1940లలో పిల్లికీ ఎలుకకూ ఆ పని ఎవరూ అప్పజెప్పలేదు కూడా.

నిమ్మలకుంటను మరచిపోకూడదు

ఇక్కడ బావ తన చివరి అస్త్రం తీశాడు. "అదంతా కంప్యూటరు చేసింది గదా బామ్మర్దీ, చేత్తో గీసిందానికి సాటొస్తుందా?" అన్నాడు. అనంతపురం గడ్డ మీద నిలబడి అడగవలసిన ప్రశ్న కాదది.

ఒకప్పటి మా జిల్లాలోదై, ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లాలో ధర్మవరం దగ్గర ఉన్న నిమ్మలకుంటలో తోలుబొమ్మలు చేస్తారు. మేకతోలును గీకి, దీపపు వెలుగు దాటేటంత పలచన చేసి, గీత గీసి, చిల్లులు కొట్టి, రంగులద్ది, భుజం ఒక ముక్క, మోచేతి కింద మరొక ముక్కగా కోసి దారంతో ముడివేస్తారు. ఆ ముడి దగ్గరే కదలిక పుడుతుంది. ఆ ఊరి కళాకారుడు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. బ్లూయీ వంటి కార్టూన్లను తీసే సాఫ్టువేరు పద్ధతి దీనికి చాలా దగ్గరిది. ప్రతి కదలికకూ కొత్త బొమ్మ గీయరు, తల, మొండెం, మోచేయి, తోక వేరువేరు ముక్కలుగా ఒకసారి గీసి, కీళ్ళ దగ్గర కలిపి, ఆ కీళ్ళను కదుపుతారు. తెర మారింది, ముడి మిగిలింది. కీళ్ళబొమ్మ కాబట్టి తక్కువరకం అనేవాళ్ళు తోలుబొమ్మలాటను కూడా తక్కువరకం అనవలసి వస్తుంది. అంత మాట అనడానికి బావకు నోరు రాలేదు.

తన్నులాటల విషయంలోనూ తోలుబొమ్మలాటే నాకు దారి చూపింది. రాముడి కథ నడుమ జుట్టుపోలిగాడు, బంగారక్క దూరి ఒకరినొకరు బాదుకుంటుంటే ఊరంతా నవ్వేది, ఇంటికి వెళ్ళి ఎవరూ ఎవరినీ బాదలేదు. టామ్ తినే పెనం దెబ్బలకు అంతగా భయపడనక్కరలేదు. జాగ్రత్తపడవలసింది వేరే ఉన్నది. ఆ పాత చిత్రాల్లో నల్లజాతి పనిమనిషిని చూపించిన తీరు, బాంబు పేలగానే మొహం నల్లబడి వెటకారపు బొమ్మగా మారే హాస్యం ఇవాళ చూస్తే ఎబ్బెట్టుగా ఉంటాయి. అవి వచ్చినప్పుడు పక్కన కూర్చుని, అది తప్పని ఒక మాట చెప్పడం మంచిది.

ఒకే పేరు, రెండు కాలాలు

అభిమానుల మధ్య నిజమైన తగవు పాత పేరుతో కొత్తగా తీసిన వాటి దగ్గరే వస్తుంది. ఇందులో నేను జంట జంటకూ వేరువేరు తీర్పు ఇస్తాను.

డక్‌టేల్స్ విషయంలో కొత్తదానికే నా ఓటు. 1987 నుంచి 1990 వరకు వంద భాగాలుగా వచ్చిన పాతదాన్ని మనం దూరదర్శన్‌లో హిందీలో చూశాం, ముసలి బాతు నాణేల కుప్పలో ఈత కొట్టడం ఎవరూ మరచిపోలేదు. కాని అందులో ముగ్గురు మనుమలకూ గొంతు ఒకటే, గుణం ఒకటే, టోపీ రంగు తప్ప తేడా లేదు. 2017 నుంచి 2021 వరకు వచ్చిన కొత్తదానిలో ముగ్గురికీ మూడు గొంతులు, మూడు బుద్ధులు వచ్చాయి. పాతదానిలో ఎవరూ అడగని ప్రశ్న, వీళ్ళ తల్లి ఏమైందన్నది, ఇందులో కథకు వెన్నెముక అయింది.

టీన్ టైటన్స్ విషయంలో తీర్పు అంత సులువు కాదు. 2003 నుంచి 2006 వరకు నడిచిన పాతదానిలో బరువైన కథ ఉన్నది, 2013లో మొదలైన టీన్ టైటన్స్ గో! పదకొండేసి నిమిషాల పరిహాసం. గొంతులిచ్చినవాళ్ళు వాళ్ళే కావడంతో పాత అభిమానులకు అది మరీ వెక్కిరింతలా తోచింది. పదేళ్ళు దాటిన పిల్లలకు పాతది చూపించండి, చిన్నవాళ్ళు కొత్తది చూసి నవ్వితే నవ్వనివ్వండి. పవర్‌పఫ్ గర్ల్స్‌లో మాత్రం సందేహం లేదు, 1998లో మొదలైనదాన్నే చూడాలి. 2016 నాటిదానిలో వేళాకోళం ఎక్కువ, పదును తక్కువ. డోరేమాన్ జపానులో 1979లో ఒకసారి, 2005లో మరొకసారి మొదలైంది. రెండోదానిలో రంగు తేటగా ఉంటుంది, నోబిటా బద్ధకం రెంటిలోనూ సమానమే, కాబట్టి దొరికినది చూడవచ్చును.

టామ్ అండ్ జెర్రీ కొనేటప్పుడో వెతికేటప్పుడో మరొక జాగ్రత్త అవసరం. కొన్నేళ్ళ కింద కర్నూలులో ఒక దుకాణంలో కొన్న డిస్కును ఇంటికి తెచ్చి పెడితే, పిల్లి కదలిక వింతగా, చప్పుడు నూతిలోంచి వచ్చినట్టుగా ఉండి, నా జ్ఞాపకమే చెడిందేమో అనుకున్నాను. తరువాత తెలిసింది, అవి 1961, 62లలో జీన్ డైచ్ ఆధ్వర్యంలో ప్రాగ్ నగరంలో తీసిన 13 చిత్రాలలోవి. ఆ పిమ్మట 1963 నుంచి 1967 వరకు చక్ జోన్స్ 34 తీశాడు. వాటిలో మొదట సింహం గర్జించిన చోటే పిల్లి వచ్చి అరుస్తుంది, కనుబొమ్మలు దట్టంగా ఉంటాయి. చూడడానికి అందమైనవే, కాని పరుగు తగ్గింది. పేర్లు పడే చోట హానా, బార్బెరా దర్శకులుగా కనబడితేనే మీరు వెతుకుతున్నది దొరికినట్టు.

ఎవరికి ఏది

నాలుగేళ్ళ లోపు పిల్లలున్న ఇంట్లో ఈ తగవుకు అసలు చోటు లేదు. రెండు నుంచి నాలుగేళ్ళవాళ్ళకు తెర రోజుకు గంట మించకూడదని, ఏడాది నిండని పిల్లలకు అసలే వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. ఆ గంటలోనైనా నెమ్మదిగా నడిచేవే మేలు. అమెరికాలో 2011లో వెలువడిన ఒక పరిశోధనలో 60 మంది నాలుగేళ్ళ పిల్లలను మూడు జట్లు చేసి, ఒక జట్టుకు వేగంగా మారే కార్టూన్‌ను తొమ్మిది నిమిషాలు చూపించారు, మరొక జట్టు చేత అంతసేపూ బొమ్మలు వేయించారు. ఆ వెంటనే పెట్టిన పరీక్షల్లో వేగపు కార్టూన్ చూసినవాళ్ళు వెనకబడ్డారు. కొత్తవి వేగం, పాతవి నిదానం అని దీన్ని బావ వాడుకోబోయాడు గానీ, ఆ పరీక్షలో చూపించినది 1999లో మొదలైన స్పాంజ్‌బాబ్, మా మేనల్లుడి తరం పాతది అని మురిసిపోయేది. కాబట్టి విడుదలైన ఏడు మీకు పనికిరాదు. అయిదు నిమిషాలు మీరే చూసి, బొమ్మ ఎన్నిసార్లు మారుతున్నదో గమనించడమే పనికొస్తుంది. ఈ వయసుకు నేను చెప్పేది బ్లూయీ, లేదా 2019లో నెట్‌ఫ్లిక్స్‌లో మొదలైన మైటీ లిటిల్ భీమ్. రెండోదానిలో మాటలే ఉండవు, దోగాడే భీముడి అల్లరి ఏ భాష పిల్లలకైనా తెలుస్తుంది.

ఆరు నుంచి తొమ్మిదేళ్ళవాళ్ళకు పాత టామ్ అండ్ జెర్రీ, డోరేమాన్, కొత్త డక్‌టేల్స్ సరిపోతాయి. పది దాటినవాళ్ళకు ఒక పెద్ద కథను మొదటినుంచి చివరిదాకా వెంబడించే రుచి చూపించాలి, ఈ రుచి పాతవాటిలో అరుదు. అప్పటి టీవీలో ఏ భాగం ఎప్పుడు వేస్తారో తెలియదు కనుక, ప్రతి అరగంటకూ కథ మళ్ళీ మొదటికి రావలసిందే. 2005 నుంచి 2008 వరకు 61 భాగాలుగా వచ్చిన అవతార్: ది లాస్ట్ ఎయిర్‌బెండర్‌లో యుద్ధం, పగ, ప్రాయశ్చిత్తం ఎదుగుతూ పోతాయి. నీలిరంగు మనుషుల సినిమా వేరు, ఇది వేరు. 2012 నుంచి 2016 వరకు నడిచిన గ్రావిటీ ఫాల్స్ 40 భాగాలతో ముగిసింది. ఆడుతున్నది కదా అని సాగదీయకుండా, కథ అయిపోయినచోట ఆపడం కూడా నాణ్యతలో భాగమే. అయితే ఇవి రోజుకొకటి చొప్పున వరుసగా చూడగలిగితేనే పెట్టుకోవాలి. చుట్టాలు వచ్చిపోయే ఇంట్లో, కరెంటు ఎప్పుడు పోతుందో తెలియని మే నెలలో, ఎక్కడ మొదలుపెట్టినా అర్థమయ్యే పాతవాటికే సుఖముంది.

భాష సంగతి నన్ను ఎక్కువగా బాధిస్తుంది. మోగ్లీ కథను జపానువాళ్ళు 1989లో 52 భాగాలుగా తీశారు. 1993లో దూరదర్శన్ దాన్ని హిందీలో వేసింది. గుల్జార్ రాసి, విశాల్ భరద్వాజ్ కట్టిన ఆ పాటను వీధంతా పాడేవాళ్ళం. నాకు మాత్రం అందులో చెడ్డీ అన్న ఒక్క మాటే అర్థమయ్యేది. తెలియని భాషలో చూసినందువల్లనే అది మాకు అంత మాయగా తోచిందేమోనని ఇప్పుడు అనుమానం వస్తుంది. పిల్లల కోసం పూర్తిగా తెలుగులో ఖుషీ టీవీ 2009లో వచ్చింది, పెద్ద చానళ్ళూ తెలుగు మాటలను చేర్చాయి, ఛోటా భీమ్‌ను తీసే గ్రీన్ గోల్డ్ సంస్థ హైదరాబాదులోనే ఉన్నది. ఇంత ఉన్నా మన పిల్లలు వినే తెలుగు పెదవుల కదలికకు సరిపోయేలా కత్తిరించిన తెలుగు, ఎవరి ఇంట్లోనూ మాట్లాడని తెలుగు. "ఓహ్ నో, మనం త్వరపడాలి మిత్రమా" అని మా అమ్మాయి ఒకరోజు వాళ్ళ అవ్వతో అంటే, ఆమె "యాటికి త్వరపడేది, సంగటి తిను" అన్నది. రాయలసీమ యాసతో మాట్లాడే కార్టూన్ మా ఇంట్లో టీవీలో నేనింతవరకు వినలేదు. ఈ ఒక్క విషయంలో పాతవీ ఓడిపోయాయి, కొత్తవీ ఓడిపోయాయి. అందుకే మాటలు లేనివాటికి నేను కొంచెం ఎక్కువ మార్కులు వేస్తాను. తెలుగులో చూసేటప్పుడు సెట్‌టాప్ బాక్సు రిమోటులో భాష మార్చే మీట ఉంటుంది, తెలుగునూ ఇంగ్లీషునూ అయిదేసి నిమిషాలు విని, బతికున్న గొంతు ఎందులో ఉందో చూసుకుని పెట్టండి.

పాతవి చూసేవాళ్ళు మరొకటి సరిచేసుకోవాలి. అవి దాదాపు చదరంగా ఉండే పాత టీవీ కొలతకు తీసినవి. ఇప్పటి వెడల్పు టీవీలో తెర నిండా సాగదీస్తే టామ్ పొట్టివాడై, బలిసి కనబడతాడు, పైనా కిందా కోస్తే పెనం పడేది కనబడకుండా మొహం చదునవడం ఒక్కటే కనబడుతుంది. రిమోటులో పిక్చర్ సైజు అన్నచోట 4:3 పెడితే పక్కల నల్లపట్టీలు వస్తాయి, రానివ్వండి. ఓటీటీలో చూసేటప్పుడు ఒక భాగం అయిపోగానే మరొకటి దానంతటదే మొదలయ్యే ఏర్పాటును ముందే ఆపేయండి. ఆదివారం అరగంటకు మోగ్లీని ముగించే పని అప్పట్లో దూరదర్శన్ చేసేది, ఇప్పుడు అది మన మెడకే చుట్టుకుంది.

ఈ వేసవికి మా ఇంట్లో ఒప్పందం కుదిరింది. పొద్దున ఉగ్గాని తినేటప్పుడు అమ్మాయికి రెండు బ్లూయీలు, మధ్యాహ్నం అందరికీ హానా, బార్బెరా తీసిన మూడు టామ్ అండ్ జెర్రీలు, రాత్రికి మేనల్లుడు ఎంచిన అవతార్ ఒక భాగం. బావకు హీ-మ్యాన్ అరగంట ఇచ్చాం, అందరూ పడుకున్న తరువాత, చప్పుడు తగ్గించి చూసుకోవాలన్న షరతు మీద.